టేకులపల్లి దాటాక వేడి గాలి

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. ఫలానా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయని, ఫలానా బావిలోంచి ఏడుపు వినిపిస్తోందని ఫోన్ వస్తే స్వయంగా వెళ్లి చూసేవాణ్ని. ప్రతిసారీ ఏ స్థలం తగాదానో, పక్కింటి కక్షో బయటపడేది. దయ్యాలను అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రిటైరయ్యాక ఒక పాత అంబాసిడర్ కొన్నాను. కొత్తగూడెంలో ఒక ఆఫీసు వెనక ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసిన బండి. దాన్ని మళ్లీ కొత్తదానిలా చేయించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంజిన్, సీట్లు, రంగు అన్నీ అయ్యాక చివరగా ఏసీ పెట్టించాను. ఆ బండికి పుట్టుకతో ఏసీ లేదు. ఖమ్మం ఖానాపురం హవేలిలో మెకానిక్ షెడ్డు నడిపే యాకూబ్ ఆ పని చేశాడు. బండి ముందరి జాలీ దగ్గర రెండో ఫ్యాను పెట్టాడు. ఇంజిన్ వేడి లోపలికి రాకుండా చిన్న రంధ్రాన్ని కూడా వదలకుండా రబ్బరుతో మూశాడు. చేయి తిరిగిన మనిషి.

భద్రాచలంలో మా అక్క ఉంటుంది. ఏసీతో మొదటి ప్రయాణం అక్కడికే. మే నెల. ఇల్లెందు మీదుగా వెళ్లాను.

ఆ అడవి దారిలో బస్సులు తక్కువ. సీటు ఖాళీగా ఉన్న బండి, చేయెత్తిన మనిషిని వదిలి పోదు. అది అక్కడి పద్ధతి. విలేకరిగా తిరిగిన రోజుల్లో నేను కూడా ఎన్నో బొగ్గు లారీలు అలాగే ఎక్కాను. ఏసీ పెట్టించే దాకా నా బండిలో కూడా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉండేవారు.

టేకులపల్లి దాటాక ఒక మలుపులో బస్సు కోసం వేసిన రేకుల షెడ్డు ఉంది. మిట్టమధ్యాహ్నం. షెడ్డులోంచి ఒక ముసలాయన లేచి నిలబడి చేయెత్తాడు. గళ్ల లుంగీ, చేతిలో పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా. నాకు స్పష్టంగా కనిపించాడు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, లోపల హాయిగా ఉంది. తలుపు తీస్తే చల్లదనం పోతుందనిపించింది. వెనక వచ్చే బండి ఎక్కుతాడులే అనుకున్నాను. ఆపలేదు.

మర్నాడు అక్క ఇంట్లో పేపరు తీశాను. జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు. బస్సు షెడ్డులో గుర్తు తెలియని వృద్ధుడు వడదెబ్బతో మృతి. ఒంటి మీద గళ్ల లుంగీ, పక్కన పసుపు రంగు డబ్బా. అలాంటి వార్తలు లెక్కలేనన్ని దిద్దాను. పేపరు మడిచి పక్కన పెట్టాను. అక్కకు చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ మలుపు దగ్గరే ఏసీలోంచి వేడి గాలి మొదలైంది. పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఇల్లెందు చేరేసరికి మళ్లీ చల్లబడింది.

యాకూబ్ మీటర్లు తగిలించి గ్యాస్ చూశాడు. ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాసి లీకు వెతికాడు. ఒక వాల్వు మార్చాడు. అతని షెడ్డులో ఉన్నంతసేపూ వేళ్లు కొంకర్లు పోయేంత చల్లదనం. ఆ తర్వాత రెండుసార్లు భద్రాచలం వెళ్లాను. రెండుసార్లూ అదే మలుపులో అదే వేడి.

మూడోసారి యాకూబ్ షెడ్డుకు వెళ్లినప్పుడు అక్కడ నలుగురు ఉన్నారు. నాకు కోపం ఆగలేదు.

"గ్యాస్ సగం పట్టి సరిపెట్టినవ్ యాకూబ్."

"నిండుగనే ఉంది సార్. మీ ముంగటనే మీటర్ పెట్టి చూపిస్త."

తన కారు కోసం ఎదురుచూస్తున్న ఒకాయన నవ్వాడు. "పేపర్ సారుకే టోపీ పెట్టినవంటే మేమెంత నీకు? నా తాళం ఇటియ్యి."

రెండు వారాల్లో ఆ షెడ్డు ముందు కార్లు పలచబడ్డాయి. ఊళ్లో నా మాటకు ఎంత బరువుందో నాకు తెలియనిది కాదు.

ఒకరోజు యాకూబే ఇంటికి వచ్చాడు. "మీరు తోలుండ్రి సార్, నేను పక్కన కూసుంట. తప్పు నాదైతే ఏసీ పని బంద్ పెడ్త. కాకపోతే మీరే వచ్చి నలుగురి ముంగట చెప్పాలె."

సరేనన్నాను.

గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టుకుని కూర్చున్నాడు. టేకులపల్లి వరకు ఎనిమిది డిగ్రీలు. మలుపు దగ్గర నేను కావాలనే షెడ్డు వైపు చూశాను. ఖాళీగా ఉంది. దాటగానే వేడి గాలి. థర్మామీటర్ నలభై దాటింది.

బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తాం. మీటర్లు సరిగ్గానే చూపించాయి. లోపలికి వెళ్లే గొట్టం చెమట పట్టి మంచులా ఉంది. నా చేయి పట్టుకుని దాని మీద పెట్టాడు. తర్వాత గాలి వచ్చే చోట పెట్టాడు. చేయి చురుక్కుమంది.

"ఇది అయ్యే ముచ్చట కాదు సార్," అన్నాడు. థర్మామీటర్ జేబులో పెట్టుకుంటూ, "ఆ తాతను అడుగుదామా? గీడ అందరి బండ్లకు గిట్లనే అయితదేమో."

"ఏ తాత?"

"షెడ్డుల ఉండె గద సార్, పసుపు డబ్బా పట్టుకొని. చెయ్యెత్తిండు. ఆపుతరనుకున్న, మీరు ఆపకపోతిరి."

ఇద్దరం వెనక్కి చూశాం. షెడ్డులో ఎవరూ లేరు. యాకూబ్ పేపరు చదవడు. ఆ నాలుగు లైన్ల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"ఎటో పోయినట్టుండు," అన్నాడు. నేను బానెట్ మూశాను.

ఖమ్మం వచ్చాక యాకూబ్ షెడ్డు దగ్గర వాళ్లు అడిగారు. "ఏమైంది సార్, దొరికిందా రోగం?"

తప్పు యాకూబ్‌ది కాదని చెబితే మరి ఏమిటని అడుగుతారు. "ఏదో వైరింగ్‌లో ఉన్నట్టుంది," అన్నాను. యాకూబ్ నా ముఖంలోకి చూశాడు. ఆ వైరింగ్ చేసింది కూడా ఆయనే. ఆ సాయంత్రమే బోర్డు మీద "ఏసీ పనులు" అన్న మాట మీద రంగు పూసేశాడు. ఇప్పుడు బ్యాటరీలు, పంక్చర్లు చూసుకుంటున్నాడు.

చల్లని గొట్టంలోంచి వేడి గాలి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నాకు కనిపించని మనిషి ఆయనకు ఎలా కనిపించాడో తెలియదు. యాకూబ్ పనిలో ఏ లోపమూ లేదు. ఆ మాట ఆరోజే అక్కడే చెప్పాల్సింది.

ఇది రాసి ముందు ఆయనకే చదివి వినిపించాను. చివర్న ఒక్కటే అడిగాడు.

"తాత పేరేందో తెలిసిందా సార్?"

కనుక్కోలేదని చెప్పాను.