కలపకూడని గిన్నె

మా ఇంటి ఓనరు ఓబళప్పగారికి ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఆయన వడ్డించిన గిన్నెలో దేన్నీ దేంతోనూ కలపకూడదు. టీవీ గట్టిగా పెట్టినా, చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలినా, స్నానాల గదిలో గొంతెత్తి పాడినా ఆయన పల్లెత్తు మాట అనేవారు కాదు. కొర్రన్నం మీద ఒక్క చెంచా పెరుగు పడిందంటే మాత్రం స్టూలు మీంచి లేచి నిలబడేవారు.

నేనేమో తణుకు వాణ్ణి. ఊహ తెలిసినప్పటినుంచీ కంచంలో ఉన్నదంతా కలిపి, పిసికి, ముద్ద చేస్తే గానీ అది అన్నమని నమ్మిన వాణ్ణి కాదు. అలాంటి వాడిని ఆ ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాను. ఇప్పుడు బెంగుళూరు బెళ్ళందూరులో మా ఆఫీసు క్యాంటీన్‌లో సలాడ్ల కౌంటరు ఒకటి పెట్టారు. గ్రీకు సలాడని అక్కడొక బోర్డు కూడా ఉంది. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు వైట్‌ఫీల్డ్‌లో ఆ వంటింటి బల్ల గుర్తొచ్చి, ప్లేటు తీసుకోకుండానే వెనక్కి వచ్చేస్తాను.

రెండువేల ఒకటి నాటి మాట. వైట్‌ఫీల్డ్‌లో అప్పటికే పెద్ద పెద్ద ఆఫీసులు లేచాయి గానీ వాటి వెనకాల ఇంకా నీలగిరి తోటలూ, రాగి చేలూ ఉండేవి. ఓబళప్పగారి మేడ మీద మేం ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, కడప నుంచి వచ్చిన మహబూబ్ బాషా, కరీంనగర్ నుంచి వచ్చిన ఓంకార్. కింద ఆయనా, భార్య నంజమ్మగారూ ఉండేవారు. రూము అడగడానికి వెళ్ళిన రోజునే ఆయన రెండు మాటలు తేల్చి చెప్పారు. పని లేనోనికి రూము లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి తిండి మా ఇంట్లోనే.

"సాఫ్ట్‌వేరోళ్ళు పొద్దంతా కూచుంటారు. రాత్రి బిర్యానీ తింటారు. ముప్పై ఏండ్లకే షుగరు తెచ్చుకుంటారు. నా ఇంట్లో అది జరగదప్పా," అన్నారు.

ఇంటి భోజనం దొరికిందని మేం లోలోపల ఎగిరి గంతేశాం. ఆ రాత్రి మా ముందు పెట్టినవి చూశాక గంతులు ఆగిపోయాయి. వెడల్పాటి స్టీలు గిన్నెలో ఒక మూల ఉడికించిన కొర్రలు, ఒక మూల పెనం మీద కాల్చిన కోడి ముక్కలు, ఒక పక్కన కీరా, టమాటా, ఉల్లిపాయ ముక్కలు, ఇంకో పక్కన ఉడికిన కాబూలీ శనగలు, మధ్యలో తెల్లగా వెల్లుల్లి వేసిన గట్టి పెరుగు. అన్నం లేదు. పులుసు లేదు. చేతికొక చెంచా ఇచ్చారు.

"ఇది గ్రీకు గిన్నె. కలపకుండా తినండప్పా," అన్నారాయన, స్టూలు లాక్కుని మా ఎదురుగా కూర్చుంటూ.

గ్రీసు దేశానికీ, వైట్‌ఫీల్డ్‌కీ సంబంధం కలిపింది ఒక ఫ్యాక్టరీ. ఓబళప్పగారు అక్కడ క్యాంటీన్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. తొంభైల మొదట్లో ఏదో పెద్ద మిషను బిగించడానికి గ్రీసు నుంచి స్తెఫానోస్ అనే ఇంజినీరు వచ్చాడట. ఓబళప్పగారి నోట్లో ఎవరి పేరు పడినా చివర అప్ప చేరకుండా బయటికి రాదు కనుక అతను స్తెఫానప్ప అయ్యాడు. ఈ స్తెఫానప్పకు మన సాంబారూ, రాగి ముద్దా ఎక్కలేదు. రోజుకింత చిక్కిపోతున్నాడు. ఓబళప్పగారు ఉండబట్టలేక అతని దగ్గర కూర్చుని, సగం సైగలతో, సగం బొమ్మలతో వాళ్ళింట్లో ఏం తింటారో రాబట్టారు.

రాబట్టినదాన్ని వైట్‌ఫీల్డ్ సంతలో దొరికే వాటితో వండటం ఇంకో కథ. వాళ్ళ ధాన్యం దొరక్కపోతే కొర్రలు తెచ్చారు. వాళ్ళు కోడికి పట్టించే ఆకు దొరక్కపోతే పెరట్లో కుండీలో ఉన్న వాము ఆకు నలిపి, నిమ్మరసంతో కలిపి పట్టించారు. వాళ్ళ ఆలివ్ కాయల స్థానంలో ఉప్పులో ఊరిన వాక్కాయలు వచ్చాయి. ఆలివ్ నూనె మాత్రం దొరికింది. అది మందుల షాపులో పసిపిల్లలకు రాసే చిన్న డబ్బాల్లో ఉండేది. మొదటిరోజు ఆ డబ్బా చూసిన బాషా, దీన్ని తాగాలా, ఒంటికి రాసుకోవాలా అని మర్యాదగానే అడిగాడు.

అన్నిటికన్నా ఘోరం ఆ పెరుగుకు జరిగింది. స్తెఫానప్ప దాని పేరేదో చెప్పాడు. ఓబళప్పగారికి అది "జాజికి" అని వినిపించింది. జాజికి అన్నాక జాజికాయ లేకుండా ఎలా ఉంటుంది? ఒక కాయ తెచ్చి అరగదీసి పెరుగు మీద చల్లారు. స్తెఫానప్ప ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఓబళప్పగారి ముఖంలోకి చాలాసేపు చూసి, మొత్తం తినేశాడట. అంతే, జాజికాయ స్థిరపడిపోయింది. ఓంకార్ ఒకసారి సైబర్ సెంటర్‌లో దాని అసలు తయారీ ప్రింటు తీసుకొచ్చి, ఇందులో జాజికాయ లేదంకుల్ అని చూపించాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పక్కలా తిప్పి చూసి, "స్తెఫానప్ప తిన్నాడు. ఈ కాగితం తినిందా?" అని వెనక్కిచ్చేశారు.

నంజమ్మగారు మాత్రం తన రాగి ముద్ద తాను తింటూ ఈ గిన్నె జోలికి వచ్చేవారు కాదు. ఆ స్తెఫానప్ప దేశం విడిచి పోయి పదేండ్లయినా మా ఇంట్లోంచి మాత్రం పోలేదని ఆవిడ బాధ.

కలపకూడదనడానికి ఓబళప్పగారి దగ్గర రోజుకో కారణం ఉండేది. కలిపితే వైటమిన్లు కొట్లాడుకుంటాయని సోమవారం చెప్పేవారు. గ్రీకు దేశంలో కలిపి తింటే పిల్లనివ్వరని మంగళవారం చెప్పేవారు. కోడికి, శనగలకు పుట్టుకతోనే పడదని ఒకసారి చెప్పారు. బాషా తెలివిమీరి, ముక్క, కొర్రలు, పెరుగు వరసగా గబగబా నోట్లో వేసుకుని లోపల కలుపుకునే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని కూడా ఆయన గమనించకపోలేదు.

"నోట్లో నీ ఇష్టమప్పా. గిన్నెలో నా ఇష్టం," అన్నారు.

ఒకరోజు ఆయన ఫోను కోసం ముందుగదిలోకి వెళ్ళినప్పుడు నేను తెగించాను. కొర్రల్లో పెరుగు వేసి, ముక్కలు చిదిమి, చెయ్యి పెట్టి కలిపేశాను. మొదటి ముద్ద నోటిదాకా వచ్చేలోపు ఆయన గుమ్మంలో ఉన్నారు. తిట్టలేదు. నా గిన్నె తీసుకెళ్ళి, ఇంకో గిన్నెలో మళ్ళీ మొదట్నుంచి అన్నీ విడివిడిగా సర్ది తెచ్చి ముందు పెట్టారు. నేను కలిపినది ఆయనే తిన్నారు. దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇంకో వింత ఏమిటంటే, తిన్న గిన్నెలు మమ్మల్ని కడగనిచ్చేవారు కాదు, నంజమ్మగారిని ముట్టనిచ్చేవారు కాదు. ఆయనే ఒక్కొక్కటీ తీసుకుని, ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళి, లోపలికి చూసి గానీ తొట్టిలో వేసేవారు కాదు. శుభ్రం పిచ్చి కూడా ఉందేమోననుకున్నాం.

ఇలా ఉండగా ఆ వానాకాలంలో ఓంకార్ ఉద్యోగం పోయింది. ఆ ఏడు చాలామందికి పోయింది. పొద్దున్నే పిలిచి, మెడలో ట్యాగు తీసుకుని పంపించేశారు. వాడు మేడ మీదికొచ్చి మంచం మీద కూర్చుని, నాకూ బాషాకూ మాత్రమే చెప్పాడు.

"అంకుల్‌కు తెలిస్తె రూము పోతది. రూము పోతె నేను ఇంటికి పోవాలె. ఇంటికి పోతె మళ్ళ బెంగుళూరు రాను, నాకు తెలుసు. ఇంకో ఉద్యోగం దొరికేదాక ఎవ్వరికి చెప్పకుండ్రి," అన్నాడు.

మేం ఒట్టేశాం. మర్నాటినుంచి నాటకం మొదలైంది. ఓంకార్ రోజూ మాతోపాటే తయారై, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో తాడు తగిలించుకుని బయల్దేరేవాడు. తాడు చివర బస్సు పాసు ఉండేది. అది చొక్కా జేబులో దాగేది. కింద ఓబళప్పగారు వాము ఆకు కుండీకి నీళ్ళు పోస్తూ, బాగా పని చేసుకో ఓంకారప్పా అనేవారు. వాడు సరే అంకుల్ అని, సైబర్ సెంటర్‌లో అప్లికేషన్లు పంపి, పార్కు బెంచీ మీద సాయంత్రం దాకా గడిపేవాడు. చేతిలో మిగిలినది అద్దెకూ, బస్సుకూ సరిపోయేది. మధ్యాహ్నం తిండి మానేశాడు. మేం తినమని ఇస్తే తీసుకునేవాడు కాదు, అభిమానం.

అదృష్టమో ఏమో గానీ, సరిగ్గా ఆ రోజుల్లోనే ఓబళప్పగారి పిచ్చి ఓంకార్ మీదికి మళ్ళింది. మొదట వాడి గిన్నెలో కొర్రలు పెరిగాయి. తర్వాత కొర్రల అడుగున ఉడికించిన గుడ్డు కనిపించింది. నేనూ, బాషా మా గిన్నెలు తవ్వి చూసుకున్నాం. మాకు లేదు. ఇదేం న్యాయమని అడిగితే, గ్రీకు దేశంలో పొడుగ్గా ఉన్నోళ్ళకు గుడ్డు పెడతారప్పా అన్నారు.

ఆపైన ఒక పొద్దున వాడి చేతికి మూడంతస్తుల క్యారియరు అందించారు. తన గ్రీకు గిన్నె ఆఫీసులో నలుగురికీ నచ్చుతుందో లేదో చూడాలట. మీ ఆఫీసోళ్ళకు తినిపించి, ఏమన్నారో రాత్రికి చెప్పమన్నారు. ఆ ఒక్కరోజుతో ఆగలేదు. రోజూ క్యారియరు వచ్చేది. ఓంకార్ పార్కులో ఒక్కడే కూర్చుని అది తినేవాడు. రాత్రి బల్ల దగ్గర లేని ఆఫీసులో లేని మనుషుల అభిప్రాయాలు చెప్పడానికి చెమటలు కక్కేవాడు.

"మా మేనేజర్ ఉప్పు తక్కువైంది అన్నడు అంకుల్."

"రేపు సరిచేస్తాను. ఇంకెవురేమన్నారు?"

"ఇంకో మేడమ్ ఉన్నది. శనగలు ఇంకిన్ని ఉంటె బాగుండు అన్నది."

ఆయన చాలా శ్రద్ధగా తలూపేవారు. మర్నాడు ఉప్పు సరిపోయేది, శనగలు పెరిగేవి. మాకు నవ్వాగేది కాదు, వాడి కాళ్ళు బల్ల కింద మమ్మల్ని తన్నేవి. ఇంత అమాయకుణ్ణి మోసం చేస్తున్నామే అని మేడ మీదికి వెళ్ళాక ముగ్గురం బాధపడేవాళ్ళం కూడా.

చలి ముదిరే వేళకు ఓంకార్‌కు మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఈసారిది ముందటిదానికన్నా మంచిది, మధ్యాహ్నం భోజనం కూడా కంపెనీదే. వాడి కష్టం ఏమిటంటే, ఆ సంతోషం కింద చెప్పుకోవడానికి లేదు. పోయిందని చెప్పనివాడు దొరికిందని ఎలా చెప్తాడు? కొత్త ఆఫీసులో మొదటిరోజు చేసి వచ్చి, బల్ల దగ్గర పెదాలు బిగించుకుని కూర్చుని, గిన్నె తిని, ఏమీ ఎరగనట్టు లేచిపోయాడు.

మర్నాడు రాత్రి దిగుతుంటే మెట్ల మీదే వాసన తగిలింది. బల్ల మీద గిన్నెలు లేవు. కంచాలు ఉన్నాయి. పొగలు కక్కుతున్న తెల్లన్నం, ఎర్రగా కోడి పులుసు, నెయ్యి. వారం మధ్యలో ఆ ఇంట్లో అన్నం చూడటం అదే మొదలు. పండగేమైనా ఉందా అంకుల్ అని బాషా అడిగాడు.

"మన ఓంకారప్పకి పని దొరికిండాది కదా," అన్నారు ఓబళప్పగారు.

ఓంకార్ మా ఇద్దరి వైపూ కొరకొరా చూశాడు. మేం అడ్డంగా తలలూపాం.

"మీకెవరు చెప్పిండ్రు అంకుల్?"

"నువ్వేనప్పా. నిన్న కీరా వదిలేసినావు."

మాకు అర్థం కాలేదు. ఆయన స్టూలు ముందుకు లాక్కున్నారు.

"నీకు కీరా అంటే పడదు. వచ్చినప్పటినుంచి ముక్క ముట్టింది లేదు. వానల్లో ఒక రాత్రి కీరా కూడా తినేసి గిన్నె తుడిచినట్ల పెట్టినావు. మర్నాడు గూడా అంతే. పొద్దంతా కడుపులో ఏమీ పడనోడే అట్ల తింటాడు. సాఫ్ట్‌వేరోనికి మధ్యాన్నం తిండి లేదంటే పని లేదనే కదా. ఆ పొద్దు నుంచి ఒక్క రాత్రి గూడా, రేపు దొరుకుతాదో లేదో అన్నట్ల, కీరా వదల్లేదు నువ్వు. నిన్న మళ్ళా కీరా వెనక్కొచ్చింది. కలిపేసి తింటే నాకెట్ల తెలుస్తాదప్పా ఎవురేం తిన్నారో? స్తెఫానప్ప ఏం తినలేకపోతా ఉండాడో గూడా గిన్నె చూసే కనుక్కున్న్యా."

వైటమిన్ల కొట్లాటలన్నీ మా కళ్ళముందే కుప్పకూలాయి. ఓంకార్ గోడ పక్కనున్న ఖాళీ క్యారియరు వైపు చూశాడు.

"మరి క్యారియరు?"

"నీకే."

"మేనేజర్ ఉప్పు తక్కువన్నడని చెప్తె..."

"నీకు తక్కువైందని తెలిసింది. వేసినాను."

"పని లేనోనికి రూము లేదంటిరి కద అంకుల్."

"అది కొత్తగా వచ్చేటోనికి చెప్పే మాట. ఉండేటోనికి కాదు," అన్నారాయన కాస్త విసుగ్గా. "ఇంక చాలు. ఈ పొద్దు అందరూ కలుపుకోండి. నేను చూడను."

అని స్టూలు తిప్పుకుని గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నారు.

ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట అది. తీరా చెయ్యి పెట్టబోతే మా ముగ్గురికీ ధైర్యం చాల్లేదు. నేను అన్నం ఒక పక్కకీ, ముక్కలు ఒక పక్కకీ జరిపాను. బాషా పులుసును అన్నానికి తగలకుండా కంచం అంచున పోసుకున్నాడు. ఓంకార్ అయితే చెయ్యే కదపలేదు, వాడికి కళ్ళు మసకలు కమ్మి ఏది ఎక్కడుందో కనిపించలేదనుకుంటాను. మమ్మల్ని చూసి నంజమ్మగారు పకపకా నవ్వారు. మా మూడు కంచాల్లో అన్నం ఒక పళ్ళెంలోకి తోడి, పులుసు పోసి, నెయ్యి వేసి, తన చేత్తోనే కలిపి, మొదటి ముద్ద ఓంకార్ చేతిలోనూ తర్వాతవి మా చేతుల్లోనూ పెట్టారు. ఈ ఊళ్ళో ఎన్ని చోట్ల తిన్నానో లెక్కలేదు. అలాంటి ముద్ద మళ్ళీ దొరకలేదు. దొరకదని తెలిసినా, రాత్రి ఒక్కణ్ణీ కంచం ముందు కూర్చున్నప్పుడు దాని కోసమే ప్రాణం కొట్టుకుంటుంది.

"కలిపినారా అప్పా?" అన్నారు ఓబళప్పగారు గోడతో.

నోటినిండా ముద్దలుండి మాలో ఎవరం జవాబు చెప్పలేకపోయాం.