తొండూరు మీద దాగలి మబ్బు

కాత్యాయని తొండూరు దగ్గరి ఒక పల్లె బడిలో సోషల్ టీచరు. పుట్టింది జమ్మలమడుగులో, కాపురం పులివెందులలో. ఆమెకు మబ్బుల పిచ్చి. వాతావరణం పాఠం వచ్చిందంటే పుస్తకం మూసేసి పిల్లలను బడి ముందరికి తీసుకుపోయేది.

"దూదిపింజల మాదిరి విడివిడిగా తేలేవి వట్టి మబ్బులు. అడుగు నల్లబడి, తల పైపైకి ఉబ్బుతాంటే అది ఉరుముల మబ్బు. ఆ తల కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలి లెక్కన చదునుగా పరుచుకునిందంటే మటుకు ఇంక బయట నిలబడొద్దు. చెట్టు కిందికి అసలే పోవద్దు."

మధ్యాహ్న భోజనం వండే ఖమర్‌బీ వంటగది గుమ్మంలో నిలబడి ఈ మాటలు వినేది. ఒకరోజు అడిగేసింది.

"పిల్లోల్లకేనా మేడం? సేద్యం సేసేది మేం కదా, మాకూ సెప్పరాదా?"

అలా మొదలైంది. ఖమర్‌బీ భర్త అబ్దుల్ సలాం ఊరి రైతులందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టాడు. కాత్యాయని పొద్దున్నే వాతావరణ శాఖ బులెటిన్, ఉపగ్రహ చిత్రాలు చూసి, నాలుగు ముక్కలు గొంతుతో రికార్డు చేసి పంపేది. జిల్లాలో అక్కడక్కడ వాన అని ఉంటుంది. ఆ అక్కడక్కడలో తమ ఊరు ఉందా లేదా అన్నదే రైతుకు కావాలి. అది ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరని ఆమెకు తెలుసు. అయినా తోచినంత చెప్పేది. సలాం గొర్రెల వెనక నడుస్తూ ఫోను పెద్దగా పెట్టుకుని వినేవాడు. పక్క చేలవాళ్లకూ వినబడేది.

ఒక నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. గట్టి వాన వస్తుంది, పీకి ఆరేస్తే తడిసిపోతుంది, చెనిక్కాయ ఇప్పుడే పీకొద్దని కాత్యాయని చెప్పింది. రైతులు ఆగారు. వాయుగుండం తమిళనాడు వైపు తిరిగిపోయింది. ఇక్కడ చుక్క రాలలేదు సరికదా, ఎండ కాసి నేల బిగుసుకుపోయింది. వేరుశనగ చెట్టు పీకితే కాయలు మట్టిలోనే తెగి మిగిలిపోయాయి.

పులివెందులలో ఎరువుల అంగడి ఉన్న బదరీనారాయణకు ఆ ఊళ్లో పొలముంది. గ్రూపులో ఆయన గొంతు వినబడింది. "టీచరమ్మా, నువ్వు పిల్లోల్లకు మ్యాపులు సూపించుకో తల్లీ. మాకు మబ్బులు సూపించాకు."

కింద వరసగా నవ్వు బొమ్మలు. సలాం ఒక్కడే అడ్డుపడ్డాడు. "ఒకతూరి తప్పితే ఏమైందప్పా? ఆకాశం ఆయమ్మ సేతిలో ఉందా?" ఆ నవ్వుల మధ్య కాత్యాయనికి ఆ మాట చెవికెక్కలేదు. మరునాటి నుంచి ఆమె ఏమీ పంపలేదు. ఖమర్‌బీ రెండు మూడుసార్లు అడిగితే, తీరిక లేదంది.

ఏప్రిల్ వచ్చింది. ఒంటిపూట బడి అయ్యాక ఇంటికొచ్చి, మిద్దె మీద వడియాలు ఎత్తుతూ తొండూరు దిక్కు చూసింది. తెల్లటి మబ్బు గోపురంలా లేచి ఉంది. చూస్తుండగానే దాని తల పగిలి, చదునుగా పరుచుకుంది. అడుగు సీసం రంగులోకి తిరిగింది. గాలి ఒక్కసారిగా నిలిచిపోయింది.

ఫోను తీసి రికార్డు నొక్కింది. "తొండూరు పక్కోళ్లు చేలల్లో ఎవరూ ఉండొద్దండి..." అని అంతలోనే ఆగింది. ఇది కూడా పక్కకు పోతే? మళ్లీ ఆ నవ్వులు. చెప్పిన ముక్కను చెరిపేసి, వడియాల చాట ఎత్తుకుని కిందికి దిగింది.

ఆ సాయంత్రం వడగండ్లు పడ్డాయి. గొర్రెలను తోలుకొస్తున్న సలాం వానకు తాళలేక చింతచెట్టు కింద చేరాడు. పిడుగు ఆ చెట్టు మీదే పడింది.

మర్నాడు కాత్యాయని వాళ్లింటికి పోయింది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఖమర్‌బీ ఆమెను చూసి భోరుమంది.

"ఎవురికి తెలుసు మేడం అంత మబ్బు వస్తాదని! నీకైనా తెలిసింటే సెప్పిందువు కదా."

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. కాత్యాయని అలా చేయలేకపోయింది.

"నాకు తెలుసు ఖమర్‌బీ. మిద్దె మీంచి చూసినా. చెప్పబోయి మానుకున్యా."

"ఎందుకు?"

"తప్పితే నవ్వుతారని."

ఖమర్‌బీ ఏడుపు ఆగిపోయింది. "మా ఆయప్ప నవ్వలేదు కదా మేడం," అని లేచి లోపలికి పోయింది.

కాత్యాయని మళ్లీ మబ్బుల మాటలు పంపడం మొదలుపెట్టింది. తప్పిన రోజుల్లో, తప్పు చెప్పినానని తానే ఒప్పుకునేది. నవ్వేవాళ్లు నవ్వారు. బదరీనారాయణ మాత్రం మళ్లీ నోరెత్తలేదు. జూన్‌లో బడి తెరిచాక ఖమర్‌బీ ఎప్పటిలాగే వండింది, అడిగినదానికి జవాబిచ్చింది, అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత కాత్యాయనికి ప్రొద్దుటూరు బదిలీ అయింది. ఇప్పటికీ తొండూరు వాళ్లకు ఆమే చెబుతుంది. చెట్టు కింద ఉండొద్దనే మాట ప్రతిసారీ ఉంటుంది. ఆనాడు పంపివుంటే సలాం విని ఇంటికి మళ్లేవాడా అని ఆమె చాలాసార్లు తనను తానే ప్రశ్నించుకుంది. మళ్లేవాడనే అనిపిస్తుంది. గ్రూపులో ఖమర్‌బీ నంబరు ఇంకా ఉంది. ఆమె వింటుందో లేదో కనుక్కోవడానికి కాత్యాయనికి ధైర్యం చాలలేదు.