బేరమాడని వంకాయలు

దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో మా అమ్మ కూరగాయలకంటే కబుర్లే ఎక్కువ కొనేది. సంచీ మోసే నాకు రెండూ బరువే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, తన కోస్తా యాస విని ఎవరేమంటారోనని, అమ్మ అక్కడ నోరు విప్పడం మానేసింది. ఓ సాయంత్రం వంకాయలను వేలితో చూపించి, చెప్పిన ధర ఇచ్చేసింది.

ఏళ్లుగా మాకు అమ్మే అవ్వ తక్కెడ దించింది.

"ఏందమ్మా, బేరం జేస్తలేవు? నేనేమన్న అన్ననా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

అవ్వ కొత్తిమీర చేతిలోకి తీసుకుంది. "ఎప్పటిలెక్క కొసరు అడుగు బిడ్డా. ఒక్కసారి అడుగు."

అమ్మ అడగలేదు. అవ్వే దాన్ని సంచీలో పెట్టి మొహం తిప్పుకుంది.

ఇంటిదాకా సంచీ తేలిగ్గానే ఉంది. అందులో కూరగాయలు తప్ప ఏమీ లేవు.