తెగిన గుడ్డని మళ్ళీ కొలిచినవాడు

బట్టల కొట్టులో పుట్టి పెరిగినవాడు ఎవరితోనైనా బేరమాడవచ్చు, యంత్రంతో మాత్రం ఆడకూడదు. ఈ నీతి నా తలకెక్కేసరికి మా నాన్న గొంతు చేజారిపోయింది. మనిషి అంతకు ముందే పోయాడు. మిగిలిన ఆ కాస్త గొంతునూ నా తెలివితేటలతో, నా సొంత బొటనవేలితో ఎలా పోగొట్టానో చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి. మా చెల్లెలు తప్ప అందరూ నవ్వారు.

కొరాపుట్‌లో మాది చిన్న బట్టల కొట్టు. నాన్న తెలుగూ ఒడియా కలిపి, అవసరమైతే కొండ ఊళ్ళ దేసియా మాట తాలింపు పెట్టి బేరమాడేవాడు. ఒకనాడు చెల్లెలు పార్వతి నా ఫోను తీసుకుని ఆయన బేరాన్ని వీడియో తీసింది. కొనేది సూరమ్మత్త. సునాబెడ క్వార్టర్ల నుంచి బస్సెక్కి వచ్చి, తువ్వాలు కొనడానికి పూటంతా కేటాయించే మనిషి. వెనకాల రేడియోలో ఏదో సినిమా పాట.

"ఇంత సిన్న తువ్వాలికి అంత రేటేటి, బాబూ?"

"సిన్నదా? ఇది కప్పుకుంటే పొట్టంగి కొండల సలి నీ గుమ్మం తొక్కదమ్మీ."

సూరమ్మత్త తువ్వాలు అక్కడ పడేసి మెట్లు దిగింది. నాన్న దగ్గాడు. జలుబు దగ్గు కాదది, 'సరే, వెనక్కి రా' అని అర్థం. ఆవిడ వచ్చింది, బేరం తెగింది. తువ్వాలు చంకలో పెట్టుకున్నాక పైన ఒక జేబురుమాలు ఊరికే ఇమ్మంది.

"తెగిన గుడ్డని మళ్ళీ కొలవకూడదమ్మీ," అన్నాడు నాన్న. వీడియో అక్కడితో అయిపోయింది.

ఆయన పోయాక దాన్ని ఒక వీడియోల సైటులో పెట్టాను. ఎవడో ఊరికే గోడౌను ఇస్తుంటే సరుకు ఇంట్లో ఎవడు దాచుకుంటాడు? అందుకే 'పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులు' అని కేకేసుకుంటూ వీధిలోకి ఒకాయన వచ్చినప్పుడు, ఆ ఫోను ఇచ్చి, గంటసేపు బేరమాడి, ఒక టబ్బుకు రెండు టబ్బులు సంపాదించాను. ఆ రోజు నా నడక చూడాల్సింది, రాజ్యం గెలిచొచ్చినట్టు.

రాయగడలో కాపురముంటున్న పార్వతి రోజూ పిల్లల్ని బడికి పంపించి ఆ వీడియో వినేది. చూసేది కాదు, వినేది. ఫోను పోపుల డబ్బా పక్కన పెట్టుకుని, కూర తరుగుతూ.

ఇలా ఉండగా సైటు నుంచి కబురొచ్చింది. వెనకాల వినిపించే పాట ఫలానా పాటల కంపెనీదట. వీడియో ఉంచుకోవచ్చు, దాని మీద ప్రకటనలు వేస్తే ఆ డబ్బు మాత్రం కంపెనీకి పోతుందట. మీకు నచ్చకపోతే అభ్యంతరం చెప్పవచ్చునట.

చూసేది మా చెల్లెలొక్కతే, ప్రకటనల డబ్బు ఎంతొస్తుందో మీరే ఊహించుకోండి. అయినా నా రక్తం ఉడికింది. మా నాన్న దగ్గితే డబ్బులు వేరేవాడికా? పైగా మా కొట్టు ధర్మం ప్రకారం అవతలివాడు మొదట చెప్పిన ధర ధరే కాదు. ఆ వారమే పేపర్లో కాపీరైటు చట్టం గురించి ఒక వ్యాసం సగం చదివి ఉన్నాను. మిగతా సగంలో పకోడీలు కట్టి ఇచ్చారు.

పార్వతికి ఫోన్ చేశాను.

"నువ్వేటీ సెయ్యకు, అన్నియ్యా. వీడియో ఉంటాదని అంతన్నారు కదా. ఉండనీ."

"నీకు తెలీదు అమ్మీ. ముందు మనం ఎక్కువ అడగాల. అప్పుడు ఆళ్ళు సగానికొస్తారు."

"ఆళ్ళెవరు? అక్కడ మనిసున్నాడేటి?"

మంచి ప్రశ్న. నేను వినిపించుకోలేదు. అభ్యంతరానికి కారణం అడిగితే, పాట మీద సర్వహక్కులూ మావేనని టిక్కు పెట్టాను. సగానికి దిగాలంటే ముందు మొత్తం అడగాలి కదా. తిప్పి కొట్టారు. మెట్లు దిగినవాణ్ణి వెనక్కి పిలవడానికే ఈ బెట్టు అనుకుని అప్పీలు చేశాను. వాళ్ళు దగ్గుతారని ఎదురు చూశాను.

దగ్గలేదు. వీడియో తీసేశారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరీ అడిగితే పెట్టింది కూడా లాక్కుంటారని ఎవరూ చెప్పలేదు. ఆశకు పోతే గోచీ ఊడుతుందంటారు. మాది బట్టల కొట్టు, నాకు ఊడింది తువ్వాలు.

పార్వతి తిట్టలేదు. "ఇప్పుడు నాను కూర తరుగుతూ ఏటి వినాల?" అని ఫోను పెట్టేసింది. టబ్బుల ఆయన కోసం వీధులన్నీ తిరిగాను. దొరికినా ఏం లాభం, నా ఫోను ఏ ఊళ్ళో ముక్కలైందో.

కొన్ని నెలలకు పార్వతి పుట్టింటికొచ్చింది. కొట్టులో నా పక్కనే కూర్చుంది గాని మాటల్లో పొదుపు. అప్పుడే సూరమ్మత్త మెట్లెక్కింది. తువ్వాలు తీసి, నోటికొచ్చిన ధర చెప్పింది. నాకు బేరమంటేనే గుండె దడ.

"పట్టుకెళ్ళు, అత్తా."

ఆవిడ తువ్వాలు విప్పి వెలుతురుకు పెట్టి చూసింది. "కన్నమేటైనా ఉందేటి? ఒక్క మాటకే ఇచ్చెత్తన్నావు?"

"లేదత్తా. నువ్వడిగేవు, నానిచ్చేను."

"నీ బాబు అలగ ఇచ్చీవోడా? నన్ను మెట్లు దించీవోడు. దించు నన్ను. నేకపోతే బస్సు సార్జీ దండగ."

పార్వతి ఫోను పైకెత్తి పట్టుకుంది. "ఆగు అత్తా. అన్నియ్యా, ముందు ఆ రేడియో కట్టీ."

కట్టాను. బేరం మొదలైంది. సూరమ్మత్త తువ్వాలును చేపల గుడ్డ అంది, నేను పట్టు అన్నాను. ఆవిడ విసురుగా మెట్లు దిగింది. నేను దగ్గాను.

ఆవిడ మెట్టు మీదే ఆగిపోయింది. పార్వతి ఫోను నాకు ఇంకాస్త దగ్గరగా పెట్టింది. నా గొంతు నాన్నది కాదు, పీలగా ఉంటుంది. కానీ ఆ దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

"ఇదీ బేరమంటే," అంటూ సూరమ్మత్త వెనక్కొచ్చి తువ్వాలు చంకలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, జేబురుమాలు ఊరికే ఇమ్మంది. ఏం చెప్పానో మీకు తెలుసు.

ఆ వీడియో ఇప్పుడు పార్వతి ఫోనులో, నా ఫోనులో, సూరమ్మత్త అల్లుడి ఫోనులో కూడా ఉంది. రాయగడలో మళ్ళీ కూర తరుగుతున్నారు.

అందుచేత, కొట్టు మెట్ల మీద తూర్పుకు తిరిగి, బాత్రూములోని ఆ రెండు టబ్బుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మనిషి లేని చోట బేరమాడను. పకోడీల కింద చట్టం చదవను. ఎవరైనా అడిగితే ఆ వీడియోలో తువ్వాలు నాది, మాటలు సూరమ్మత్తవి అని ఒప్పుకుంటాను. ఆ దగ్గు మీద మాత్రం సర్వహక్కులూ మా నాన్నవే.