కిరసనాయిల్లో దాచిన ముక్క

మా బడి సైన్సు టీచరమ్మ గారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతికి సమాసాలు చెప్తున్నాను. ఎదురుచూస్తున్న కబురే. అయినా చాక్‌పీసు కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాను. ఈమధ్య దేనికైనా ఇట్టే అలిసిపోతున్నాను లెండి.

నెల్లిమర్ల దగ్గర మా హైస్కూల్లో ఇద్దరం చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. లాబ్ అంటే స్టాఫ్ రూములో ఒక బీరువా, నా బల్ల. పదో తరగతికి లోహాల పాఠం వచ్చిందంటే ఆ బల్ల ఇక నాది కాదు. నా తెలుగు వాచకాలన్నీ కిటికీ ఎక్కేవి. పరీక్ష నాళికల్లో రాగి తీగ, ఇనప మేకు, జింకు ముక్క, మెగ్నీషియం రిబ్బను వేసి, అన్నిటి మీదా ఒకే యాసిడ్ పోసేవారు. మెగ్నీషియం బుసబుసా పొంగేది. జింకు నిదానంగా, మేకు ఇంకా నిదానంగా బుడగలు వదిలేవి. రాగి ఉలకదు, పలకదు.

"ఏది ముందు, ఏది ఎనక అన్న వరస పుస్తకంలో ఉన్నాది. బట్టీ కొట్టకండర్రా, సూసి సెప్పండి" అనేవారు పిల్లలతో. నావైపు తిరిగి మెల్లిగా, "మన హెడ్మాస్టారు రాగండి. ఎన్ని అర్జీలు పెట్టినా కదలరు" అనేవారు.

ఆఖర్న సోడియం. అది గాలి తగిలినా, నీళ్లు తగిలినా ఊరుకోదు గనక కిరసనాయిల్లో ముంచి దాచాలి. కొత్తది కొనే దిక్కు లేదు. ఉన్న ముక్కలోంచే ఏటేటా బ్లేడుతో కాస్త కోసి, బేసిన్లో నీళ్ల మీద వేసేవారు.

"లోహం నీళ్ల మీద పరిగెడతాదని ఈళ్లు ఒక్కపాలన్నా సూడాలి మాస్టారూ. లేపోతే నాను సెప్పిందేటి నమ్ముతారు?"

సీసాలో నూనె ఆరిపోతూ ఉండేది. రేషను డిపోలో కిరసనాయిలు ఆపేశాక ఆవిడ పాట్లు చూడాలి! విజయనగరంలో వాళ్లనీ వీళ్లనీ అడిగి, చిన్న సీసాలో తెచ్చేవారు. బస్సులో కిరసనాయిలేటమ్మా అని కండక్టరు కేకలేస్తే, "బడిలో ఓ ముక్క ఎండిపోతన్నాది బాబూ" అన్నారట.

ఈ ఏడు బడి తెరిచిన కొన్నాళ్లకే మంచం పట్టారు. చూడ్డానికెళ్తే తన జబ్బు మాటే లేదు.

"ఈ ఏటి పిల్లలకి సూపించలేదు మాస్టారూ. నా జాగాలో ఎవుల్నీ ఎయ్యలేదు గదా. మీరు సూపిస్తారా?"

"నాకు సంధులు తప్ప ఏమొచ్చండీ?"

"సిన్న ముక్క కొయ్యండి, దూరంగా నిలబడండి. అంతే."

సరేనన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు బీరువా తెరిచాను. సీసాలో మిగిలిన సోడియం బఠాణీ గింజంత. పైన తెల్లటి పెచ్చు గీకేస్తే అందులో సగం కూడా లేదు. పిల్లల్ని గోడదాకా వెనక్కి పంపి, పట్టకారుతో నీళ్లలో వదిలాను. అది సుయ్యిమంటూ ఉండలా చుట్టుకుని, అటూ ఇటూ పరిగెత్తి, చిక్కిపోయి, మాయమైంది. ఎందుకో ఏడుపొచ్చేసింది నాకు.

పిల్లలు బల్ల మీదికి ఎగబడ్డారు.

"ఇంకోపాలి సార్! ఇంకోపాలి!"

సీసాలో కిరసనాయిలు ఒక్కటే ఉంది.