కిరాయికి దొరకని గది

మొన్న హన్మకొండలో ఒక పెళ్లికి వెళ్లి, భోజనాల బంతిలో కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు, ఆ ఫంక్షన్ హాలు లేచింది మా పాత అనాథ బాలికల హాస్టలు ఉన్న స్థలంలోనేనని. డెబ్బయ్యో దశకం చివర్లో, పాతికేళ్లయినా నిండని నేను అక్కడ వార్డెనుగా చేరాను. పద్దెనిమిది నిండిన పిల్ల హాస్టలు విడిచి పోవాలన్నది నియమం. ఎక్కడికి పోవాలో మాత్రం ఏ నియమమూ చెప్పలేదు.

ఆ పిల్లలకు బీజగణితం వచ్చు, ప్రార్థన గీతాలు వచ్చు, బజారులో నాలుగు టమాటాలు ఏరుకోవడం రాదు. బడికీ చర్చికీ తప్ప గేటు దాటితేగా! అందుకని హాస్టల్లో వంటచేసే, అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడా నేనూ ఆదివారాలు పెద్దపిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరేవాళ్లం. బేరమాడటం, కిరసనాయిలు స్టవ్‌కి వత్తులు మార్చడం, నర్సంపేట బస్సులో మీదికి ఒరిగేవాణ్ణి గట్టిగా జరగమనడం, జ్వరమొస్తే దవాఖానలో వరుసలో నిలబడి తమ బాధ తామే చెప్పుకోవడం, ఇవే మా పాఠాలు. మన తరంవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆడపిల్ల ఒంటరిగా బస్సెక్కితేనే నలుగురూ తిరిగి చూసే రోజులవి.

వాళ్లలో నన్ను అక్కా అని పిలిచే ఒక పిల్లకు కుట్టుపనిలో ఎంత చెయ్యి తిరిగిందంటే, మా పెద్దమ్మకు వరసకు తమ్ముడైన టైలరొకాయన, హాస్టలు విడవగానే తన దుకాణంలో పెట్టుకుంటానన్నాడు. ఇక కావలసింది ఉండటానికో గది. ఎండల్లో ముగ్గురం గల్లీ గల్లీ తిరిగాం. అందరూ మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, ఆ తరువాత అమ్మానాన్నలెవరని, కులమేమిటని అడిగి, గది నిన్ననే ఇచ్చేశామన్నారు. చివరికి ఖిలా వరంగల్‌లో ఒక ముసలావిడ కాస్త మెత్తబడితే, మా చెల్లె బిడ్డ అని చెప్తా, నువ్వు నోరిప్పకని పెద్దమ్మ ఆ పిల్ల చెవిలో ఊదింది. పిల్ల వినలేదు. తనకెవరూ లేరని, హాస్టల్లో పెరిగానని ముసలావిడ ముఖం మీదే చెప్పేసింది. తలుపు మూసుకుంది. దారిలో పెద్దమ్మ కోప్పడితే, "రోజు పొద్దుగాల లేచి ఆ అబద్ధమే మొదలు చెప్పాలె గద పెద్దమ్మా, నాతోని గాదు" అంది.

గడువు ముగిసింది. నా గదిలోనే ఉంచుకుంటానంటే కమిటీ పెద్దలు ఒప్పుకోలేదు. పెళ్లికాని పిల్ల పట్నంలో ఒంటరిగా తిరిగితే హాస్టలుకు చెడ్డపేరన్నారు. డోర్నకల్‌లో రైల్వే పనివాడొకడు, భార్య పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నవాడు దొరికితే, వారం తిరక్కుండా తాళి కట్టించి పంపారు. టైలరు మాత్రం ఆమె కోసం తీసి ఉంచిన మిషను దగ్గర చాన్నాళ్లు ఎవర్నీ కూర్చోబెట్టలేదట.

ఎనభైల్లో ఒకసారి డోర్నకల్ జంక్షన్‌లో బండి మారుతుంటే కనిపించింది. చంకలో బిడ్డ, పక్కన సవతి పిల్లలు. కుడుతున్నావా అని అడిగాను. ఇంట్లో మిషను లేదంది, ఇంటాయన వద్దన్నాడంది, నా ఆరోగ్యం అడిగింది. నా బండి కూత వేశాక, బజారులో ధర చెప్పినంత మామూలుగా, "బతుకుడు మంచిగనే నేర్పినవక్కా, జర బతకనిచ్చేటోళ్లే దొర్కలె" అంది. బండి కదిలింది.

ఇప్పుడు హన్మకొండలో వీధికో లేడీస్ హాస్టలు. ఎక్కడెక్కడి ఆడపిల్లలో వచ్చి, ఒక కార్డు చూపించి తాళంచెవి తీసుకుంటారు, ఎవరి బిడ్డవని ఎవరూ నిలదీయరు. లోకం మారిందని సంతోషించాలంటారు మా ఇంట్లోవాళ్లు. నాకు సంతోషం రాదు. ఆ పిల్ల అడిగింది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు, లోపలి నుంచి తాను గడియ పెట్టుకోగల ఒక తలుపు.