ఆళ్లగడ్డ మలుపులో రాకెట్ ముక్క

1981. నంద్యాలలో ఒక లారీ ఆఫీసులో పనిచేస్తున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొని సొంతంగా నేర్చుకున్నాను. పెద్ద బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు రోడ్డు మీద పోవాలంటే ఏ వంతెన మోస్తుందో, ఏ మలుపులో బండి తిరుగుతుందో ముందే చూసిపెట్టడం నా పని. దాన్ని రూట్ సర్వే అంటారు.

ఆ ఏడు రాకెట్లు తయారుచేసే సంస్థ నుంచి ఒక ఇంజనీరు వచ్చి అడిగింది ఇంకా తయారుకాని వస్తువు గురించి. అది అంతరిక్షానికి పోయే రాకెట్‌ను మొదట పైకి నెట్టే బూస్టర్. అందులో ఇంధనం ద్రవం కాదు, రబ్బరులా గట్టిపడి ఉక్కు గొట్టంలోనే ఉంటుంది. ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి చేతా కాదు. గొట్టాన్ని ఎన్ని సెగ్మెంట్లుగా, అంటే ముక్కలుగా, చేయాలన్నది వాళ్లు అప్పుడే ఆలోచిస్తున్నారు. ఇంధనం నింపిన ముక్కను ప్రయోగించే చోటికి మా రోడ్డు మీదుగా తీసుకెళ్లాలని, ఎంత పొడవుదైతే పోగలదో చూసి చెప్పమని అన్నాడు.

నంద్యాల నుంచి శిరివెళ్ల దాకా చిక్కు లేదు. చిక్కంతా ఆళ్లగడ్డ బజారు మలుపులో వచ్చింది. పొడవైన ట్రైలర్ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలివైపుకి కోసుకుంటూ వస్తాయి. ఆ దారిని సున్నంతో నేల మీద గీశాను. గీత పోయి మస్తాన్ అంగడి గోడకు తగిలింది. మస్తాన్ రేకు బకెట్లు, గరాటాలు చేసేవాడు. ముందు అంగడి, వెనక కాపురం.

“ఏందప్పా దేవదానం, నా ఇంట్లోకి ముగ్గేస్తాండావ్?” అన్నాడు నవ్వుతూ.

ట్రైలర్ తిరగాలంటే ఆ గోడ పడగొట్టాల్సి వస్తుందని చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది.

“గీత రోంత ఇవతలికి జరుపు. రోడ్డు నీది కాకపోయినా గీత నీదే కదా!”

“గీత జరిపితే ట్రైలర్ జరగదన్నా.”

మస్తాన్ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ముక్క పొడవు తగ్గిస్తే గోడ మిగులుతుందని లెక్క తేలింది. ఇంజనీరు మలుపు చూడడానికి స్వయంగా వచ్చినప్పుడు, ఆ అంగడి ముందే చెప్పాను.

“తగ్గించవచ్చు,” అన్నాడాయన నెమ్మదిగా. “కానీ ఒక జాయింట్ పెరుగుతుంది. లోపలి మంట బయటికి రావాలని చూసేది జాయింట్ దగ్గరే.”

మస్తాన్ టంకం పెడుతున్న బకెట్ కింద పెట్టాడు. “అతుకు ఇడిస్తే ఏమైతాది సారూ?”

“మొత్తం పోతుంది. దగ్గర మనుషులుంటే వాళ్లూ పోతారు.”

లోపల మస్తాన్ భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. మస్తాన్ అన్నాడు:

“నా బకెట్ కారితే కొన్నామె తిట్టి పోతాది, మల్లా టంకం పెడతా. మీకు మల్లా అనేది లేదు. నా గోడ కోసం అతుకు పెంచొద్దు. కొత్త గోడ మాత్రం మీరే కట్టియ్యాల. ఈ దేవదానంతో గీయించొద్దు, వంకర పోతాది.”

ఇంజనీరు ఆ గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

కొన్నాళ్లకు కబురు వచ్చింది. ప్రయోగించే చోటికి దగ్గరలోనే ఇంధనం పోయాలనుకుంటున్నారట, మా రోడ్డు అక్కరలేదట. “అయితే నేను ఉత్తపుణ్యానికే మంచోణ్ణయితి,” అన్నాడు మస్తాన్.

అంతకుముందు నా రిపోర్టుల్లో ‘ఎడమవైపు అడ్డం, గోడ’ అని కొలత రాసి వదిలేసేవాణ్ని. ఆ తర్వాత ఏ మలుపు కొలిచినా తలుపు తట్టి, లోపల ఉండేది ఎవరో అడిగి, వాళ్ల పేరు కొలత పక్కన రాశాను. దానివల్ల లెక్క మారదు. చదివేవాడు మాత్రం అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు.